హన్మకొండలో సైన్స్ ఫిక్షన్ సీక్వెల్: టికెట్ కొనేముందు తరచుగా అడిగే ప్రశ్నలు

నయీంనగర్‌లో మాకో చిన్న నెట్ సెంటర్ ఉంది. మామూలు రోజుల్లో హాల్ టికెట్లు, కాలేజీ ఫీజులు, కరెంటు బిల్లులు. పెద్ద సినిమా పడిన వారం మాత్రం హాస్టల్ పిలగాళ్ళ నుంచి సంసారాలదాకా అందరూ సినిమా టికెట్ల కోసమే వస్తారు. అందులోనూ హాలీవుడ్ సైన్స్ ఫిక్షన్ సీక్వెల్ అయితే టికెట్ల కంటే ప్రశ్నలే ఎక్కువ. ఈ షాపు పెట్టకముందు వరంగల్‌లో ఒక పాత హాల్లో, రీళ్ళ కాలంలో, ఆపరేటర్ దగ్గర మూడేళ్ళు అసిస్టెంట్‌గా చేశాను. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇంకా తవ్వుతారు. ప్రతిసారీ నోటితో చెప్పలేక ఇట్లా రాసి పెట్టాను. ప్రశ్నలు అడిగినవాళ్ళ మాటల్లోనే ఉంచాను.

అన్నా, ఫస్ట్ పార్ట్ చూడలె. సీదా రెండోదానికి పోతే అర్థమైతదా?

కథ అర్థమవుతుంది. మనుషులు అర్థం కారు.

ఇన్ని వందల కోట్లు పెట్టినవాళ్ళు మొదటి భాగం చూసినవాళ్ళనే నమ్ముకుని కూర్చోరు. మొదటి పది నిమిషాల్లో ఎవరి నోటితోనో పాత కథ చెప్పించేస్తారు. కాబట్టి ఎవరు ఎవరితో కొట్లాడుతున్నారో తెలియక బిక్కమొహం వేసే పరిస్థితి రాదు. పోయేది వేరే. 1991లో వచ్చిన టెర్మినేటర్ 2నే తీసుకోండి. మొదటి భాగంలో ఆడమనిషి ప్రాణం తీయడానికి వెంటపడిన యంత్రం మొహమే రెండో భాగంలో ఆమె కొడుకును కాపాడటానికి వస్తుంది. ఆ మొహం కనపడగానే ఆమె వణికిపోతుంది. మొదటిది చూసినవాడికి ఆమెతోపాటు తనకూ వెన్నులో చలి పుడుతుంది. చూడనివాడు ‘ఈమెకేమైంది, మంచోడే గదా’ అనుకుంటాడు. ఇద్దరి టికెట్ ధరా ఒక్కటే.

తీరిక లేకపోతే మొదటి భాగం చివరి అరగంట ఒక్కటి చూసి రండి. సీక్వెల్ చాలాసార్లు అక్కడి సంగతుల నుంచే ఎత్తుకుంటుంది. ‘పది నిమిషాల్లో పూర్తి కథ’ అనే వీడియోల జోలికి మాత్రం పోకండి. మొదటి భాగం కోసం తెరిస్తే పక్కనే రెండో భాగం క్లైమాక్స్ బొమ్మ వేసి పెడతారు.

ఎప్పుడో చూశాం, గుర్తులేదు అనేవాళ్ళది కూడా న్యాయమైన బాధే. అవతార్ మొదటిది 2009 డిసెంబర్‌లో వస్తే రెండోది 2022 డిసెంబర్‌లో వచ్చింది, పదమూడేళ్ళు. మొదటిదానికి కాలేజీ ఎగ్గొట్టి పోయినవాడు రెండోదానికి కూతురుని బండి ముందర నిలబెట్టుకుని వచ్చాడు. రోబోకూ 2.0కూ మధ్య కూడా ఎనిమిదేళ్ళు. ఇంత ఎడం ఉంటే ఇంట్లో మళ్ళీ ఒకసారి వేసుకుని చూడాల్సిందే.

తెలుగుల చూడాల్నా, ఇంగ్లీషులనా?

మన దగ్గర చాలావరకు షోలు తెలుగు డబ్బింగ్‌వే. ఇంగ్లీషు షో దొరికితే రోజుకు ఒకటో రెండో, అదీ పనివేళల్లోనో బాగా రాత్రికో పెడతారు. కాబట్టి ఈ ప్రశ్నకు సగం జవాబు బుకింగ్ యాపే చెప్పేస్తుంది.

మిగతా సగం నా అభిప్రాయం. యాక్షన్ ఎక్కువ, మాట తక్కువ ఉన్న సినిమాకు తెలుగే మేలు. ఇంగ్లీషు షోలో కింద అక్షరాలుంటే కన్ను అక్కడే తిరుగుతుంది. అక్షరాలు చదివి తల ఎత్తేలోపు తెర మీద ఓడ పేలిపోయి ఉంటుంది. అక్షరాలు లేకపోతే ఆ అమెరికా యాసలో, బాంబుల మోతలో సగం మాటలు గాల్లో కలుస్తాయి. ఇంగ్లీషు బాగా వచ్చిన ఎన్ఐటీ పిలగాళ్ళే బయటికొచ్చి ‘ఆడేమన్నడు?’ అని ఒకరినొకరు అడుక్కోవడం నేను విన్నాను.

కాకపోతే డబ్బింగ్‌లో ఒక తిప్పలుంది. పెదాలకు మాట సరిపోవాలి కనక రెండక్షరాల ఇంగ్లీషు మాట వచ్చిన చోట ఆరక్షరాల తెలుగు మాట కుదరదు. అందుకే శాస్త్రం పేర్లన్నీ ఇంగ్లీషులోనే వదిలేసి, తిట్లు మాత్రం మంచి తెలుగులో పెడతారు. జోకుల దగ్గర డబ్బింగ్ రచయిత సొంతంగా ఒక సినిమా డైలాగో, రాజకీయం మాటో ఇరికిస్తాడు. హాలు గొల్లుమంటుంది. ఆ గొల్లుమనడం ఇంగ్లీషు షోలో దొరకదు. నటులు చిన్న గొంతుతో మాట్లాడే సీరియస్ సినిమా అయితే మాత్రం ఇంగ్లీషు షో కోసం తిరగండి. గొంతు మారితే అందులో సగం నటన పోతుంది.

3డీకి పైసలు ఎక్కువ తీసుకుంటున్నరు. అవసరమా?

ఎక్కువసార్లు అడిగేది ఇదే. ఏ సినిమా, ఏ హాలు అన్నది తెలియకుండా దీనికి జవాబు లేదు.

ముందు 3డీ ఎట్లా పనిచేస్తుందో చెప్తాను. కుడికన్ను, ఎడమకన్ను వేరువేరు చోట్ల ఉన్నాయి కనక ఒకే వస్తువును కొద్ది తేడాతో చూస్తాయి. ఆ తేడానుంచే ఏది దగ్గర, ఏది దూరం అన్న లోతును మెదడు పసిగడుతుంది. హాల్లో ప్రొజెక్టర్ ఎడమకంటి బొమ్మ ఒకసారి, కుడికంటి బొమ్మ ఒకసారి, సెకనుకు ఒక్కో కంటికి 72 సార్లు మార్చి మార్చి వేస్తుంది. లెన్సు ముందున్న ఫిల్టర్ ఒక్కో బొమ్మ కాంతిని ఒక్కో దిక్కుకు మెలిపెడుతుంది. మన కళ్ళద్దాల్లో ఎడమ అద్దం ఎడమ మెలికనే రానిస్తుంది, కుడిది కుడి మెలికనే. ఆ మెలిక చెదరకుండా వెనక్కి రావాలంటే మామూలు తెల్ల తెర పనికిరాదు, వెండిరంగు పూత ఉన్న తెర కావాలి.

ఇంత తతంగంలో ఫిల్టర్ కొంత వెలుతురు మింగుతుంది, కళ్ళద్దాలు కొంత మింగుతాయి, సగం సమయం ఒక కన్ను మూసినట్టే ఉంటుంది. 2డీ బొమ్మకు తెర మీద వెలుతురు 14 ఫుట్ లాంబర్ట్‌లు (తెర వెలుతురును కొలిచే లెక్క) ఉండాలని ప్రమాణం. 3డీలో కళ్ళద్దాల వెనక అందులో మూడో వంతు అందినా మంచి హాలే అనుకోవాలి. బల్బు పాతబడిన హాల్లో అదీ ఉండదు. ప్రొజెక్టర్‌లో వెలిగే జినాన్ బల్బు కాలుతున్నకొద్దీ మసకబారుతుంది. అది ఖరీదైన వస్తువు, ఇంకో వారం, ఇంకో వారం అని యజమానులు లాగిస్తారు. మా కాలంలోనూ అంతే. లేజర్ ప్రొజెక్టర్ పెట్టిన హాళ్ళలో ఈ బాధ బాగా తక్కువ.

అందుకని నేను చెప్పే లెక్క ఇది. సినిమా 3డీ కెమెరాలతోనే తీసిందయితే (అవతార్‌లు, మన దేశంలో 2.0 అట్లాంటివి), పగటి వెలుతురు, నీళ్ళు, ఆకాశం ఎక్కువ ఉంటే, హాల్లో కొత్త ప్రొజెక్టర్ ఉంటే 3డీకి పోండి, ఇచ్చిన పైసలకు న్యాయం జరుగుతుంది. మామూలుగా తీసి తర్వాత కంప్యూటర్‌లో 3డీగా మార్చింది, కథంతా రాత్రి, గుహ, గాఢాంధకారం అయితే 2డీ చాలు. చీకటి సినిమాకు చీకటి కళ్ళద్దాలు పెట్టుకోవడమంటే అమావాస్య రాత్రి నల్ల గొంగడి కప్పుకుని నడవడమే.

ఒక అనుభవం కూడా చెప్తాను, హాలు పేరు వద్దు. ఒకసారి 2డీ షోకు పోయాను. తెర మీద బొమ్మ పొగ పట్టిన లాంతరులాగా ఉంది. సినిమానే అట్లా తీశారేమో అని అందరూ ఊరుకున్నారు. నాకు అనుమానం వచ్చి వెనక్కి తిరిగి చూస్తే, ముందు షో 3డీ ఫిల్టర్ లెన్సు ముందే ఉంది. పైకి పోయి చెప్తే కుర్రాడు నాలుక కరుచుకుని పక్కకు జరిపాడు. ఒక్కసారిగా హాలంతా తెల్లారినట్టయింది, కింద జనం ఈలలేశారు. ముప్పావుగంట మసకలో చూశాక! కాబట్టి బొమ్మ మసకగా అనిపిస్తే మొహమాటపడకుండా బయట స్టాఫ్‌కు చెప్పండి.

3డీ చూస్తే నాకు తలనొస్తది. కళ్ళద్దాలున్నోళ్ళు ఎట్ల చూడాలె?

మీ కళ్ళద్దాల పైనే ఆ కళ్ళద్దాలు పెట్టుకోవాలి, జారుతుంటాయి, వేరే దారి లేదు. చేతి రుమాలుతో అద్దం తుడుచుకోండి. హాలువాళ్ళు తుడిచే ఇచ్చినా ముందు షోలో పాప్‌కార్న్ తిన్నవాడి వేలిముద్ర ఉండనే ఉంటుంది. తల పక్కకు వాల్చి చూడకండి, రెండు కళ్ళు ఒక వరసలో లేకపోతే బొమ్మ కలవక కన్ను గుంజుతుంది. తెరకు దగ్గరగా కూర్చున్నా అంతే. తల తిరిగితే అద్దాలు తీసి రెండు నిమిషాలు కళ్ళు మూసుకోండి. ఒక కన్ను చూపు బాగా తక్కువ ఉన్నవాళ్ళకు, చిన్నప్పటి నుంచి మెల్ల ఉన్నవాళ్ళకు లోతు కనపడకపోవచ్చు. వాళ్ళకు 2డీ షోనే మంచిది, పైసలూ మిగులుతాయి.

ఏ సీటు బుక్ చెయ్యమంటవ్?

‘మొత్తం ఎనక సీటు’ అని అడిగేవాళ్ళే ఎక్కువ. అది బాల్కనీ గౌరవం రోజుల అలవాటు. ఈ సినిమాలకు ఆఖరి వరస వద్దు. తెర చిన్నదైపోతుంది, వెనక గోడకు తగిలిన శబ్దం చెవిలో మోగుతుంది. హాల్లో సౌండ్ సరిచేసేవాళ్ళు సాధారణంగా ముందు నుంచి మూడింట రెండొంతుల దూరంలో, నడుమ కూర్చుని సరిచేస్తారు. అక్కడ వినపడిందే అసలు సౌండ్. పది వరసలుంటే ఏడో వరస మధ్య సీట్లు. 3డీ అయితే మధ్యన ఉండటం ఇంకా ముఖ్యం, వెండి తెర పక్క సీట్లవాళ్ళకు ఒకవైపు మసకగా కనపడుతుంది.

రెండు మూల సీట్లు మాత్రమే మిగిలితే ఆ షో వదిలేసి రేపటి మ్యాటినీ చూసుకోండి. పెళ్ళి ముహూర్తం కాదు గదా, మించిపోదు.

టికెట్ 250 అన్నరు, 295 కట్ అయింది. మీరేమన్న కమీషన్ వేసిన్రా?

వేయలేదు బాబాయ్. మా షాపు చార్జీ వేరే, అది ముందే చెప్తాను.

2021 డిసెంబర్ 21న తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవో 120లో మల్టీప్లెక్స్ టికెట్‌కు కనీసం 100, గరిష్ఠంగా 250, రిక్లైనర్‌కు (వెనక్కి వాలే సోఫా సీటు) 300 అని పెట్టారు. మామూలు ఏసీ హాలుకు 50 నుంచి 150. ఇదంతా జీఎస్టీ కాకుండా. వంద రూపాయలు దాటిన టికెట్‌కు జీఎస్టీ 18 శాతం. 250కి 45 కలిపితే 295. 150కి 27 కలిపితే 177. వంద లోపు టికెట్‌కు 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే. దానిపైన యాప్‌వాడి కన్వీనియన్స్ ఫీజు, ఆ ఫీజుకు మళ్ళీ జీఎస్టీ. 3డీ కళ్ళద్దాలకు ఇంకొంత. పెద్ద తెలుగు సినిమాలు మొదటి రోజుల్లో రేటు పెంచుకోవడానికి ప్రత్యేక అనుమతి తెచ్చుకుంటాయి, హాలీవుడ్ సినిమాలకు ఆ గొడవ అరుదు.

నలుగురు కలిసి పోతే కన్వీనియన్స్ ఫీజే ఒకరి చాయ్, బజ్జీ ఖర్చంత అవుతుంది. హాలు పక్కనే ఇల్లుంటే కౌంటర్‌కు పోయి కొనండి. నా వ్యాపారానికి నష్టమే, అయినా నిజం అదే.

పెద్ద తెర కోసం హైదరాబాద్ పోవాల్నా?

రోడ్డున దాదాపు 145 కిలోమీటర్లు. పోనూరానూ బస్సు, తిండి, ఆటో, ఒక రోజు పని, అన్నీ కలిపి టికెట్‌కు ఎన్ని రెట్లవుతుందో మీరే లెక్కేసుకోండి. ఏడాదికి ఒకసారి, అదీ పెద్ద తెర కోసమే తీసిన సినిమాకు అయితే పోవచ్చు. అక్కడి ప్రసాద్స్ మల్టీప్లెక్స్‌లో పెద్ద తెర ఉంది, 64 అడుగుల ఎత్తు, 101 అడుగులకు పైగా వెడల్పు. ఆ తెర ముందు నిలబడితే మన పాత హాళ్ళ తెరలు దుప్పట్లలాగా అనిపిస్తాయి. జనం ఇప్పటికీ దాన్ని ‘ఐమ్యాక్స్’ అనే పిలుస్తారు గాని, అక్కడ ఐమ్యాక్స్ బోర్డు తీసేసి చాలా కాలమైంది. ఇప్పుడున్నది వాళ్ళ సొంత పేరుతో నడిచే పీసీఎక్స్. ఐమ్యాక్స్ అని నమ్మి పోయి అక్కడ బోర్డు లేదని కోపం తెచ్చుకోకండి.

ఇంకో మాట. చాలా సినిమాలు అడ్డంగా పొడవాటి ఆకారంలో, ఎత్తు ఒకటైతే వెడల్పు 2.39 ఉండే కొలతలో తీస్తారు. దాన్ని ఎంత ఎత్తైన తెర మీద వేసినా పైనా కిందా నల్లపట్టీలే. ఎత్తు నిండేది కొన్ని సినిమాల్లో, అదీ కొన్ని సీన్లలో. అది కనుక్కుని బస్సెక్కండి.

అట్మాస్ అని రాసుండె. గది ఏంది?

మామూలు సౌండ్‌లో ముందు, పక్కన, వెనక స్పీకర్లు. డాల్బీ అట్మాస్‌లో నెత్తి మీద కూడా ఉంటాయి. 2012లో వచ్చింది, 64 స్పీకర్లదాకా ఒక్కోదానికి విడిగా సౌండ్ పంపొచ్చు. హెలికాప్టర్ మీ తల మీదుగా పోయిందంటే నిజంగానే ఒక స్పీకర్ నుంచి ఇంకోదానికి శబ్దం నడుచుకుంటూ పోయింది. సైన్స్ ఫిక్షన్ సినిమాకు 3డీ కంటే దీనికి ఎక్కువ పైసలు పెట్టమంటాను. బయట బోర్డు మీద ఉన్నా లోపల సగం స్పీకర్లు పాడైపోయి ఉంటే మాత్రం ఏం చేయలేం.

టైముకు పోయినం, అరగంటయినా బొమ్మ పడలె. ఎందుకట్ల?

ఈ ఒక్క ప్రశ్నకు నా పాత ఉద్యోగం పనికొస్తుంది.

మా రోజుల్లో ప్రింటు డబ్బాల్లో వచ్చేది. ఒక్కో రీలు ఇరవై నిమిషాలు. ఒకే ప్రింటును రెండు హాళ్ళు పంచుకునేవి. ఇక్కడ మూడో రీలు తిరుగుతుంటే మొదటి రెండు రీళ్ళు సంచిలో వేసుకుని ఒక పిల్లవాడు ఆ హాలుకు బండి మీద ఉరికేవాడు. వరంగల్ చౌరస్తాలో ట్రాఫిక్ ఆగితే అక్కడ రెండు వందల మంది ఈలలు. ఆ పిల్లవాడిని కొన్నాళ్ళు నేనే. ఒకసారి పోచమ్మమైదాన్ దగ్గర బండి పంక్చరైతే, డబ్బా నెత్తిన పెట్టుకుని ఉరికాను. హాలు మెట్లెక్కేసరికి ఆపరేటర్ సాబ్ చేతులు చాచి ఎదురుగా నిలబడి ఉన్నాడు. తిట్టలేదు, రీలు గుంజుకుని లోపలికి పోయాడు. తిట్టడానికి కూడా టైమ్ లేదు.

ఇప్పుడు ఆ ఉరుకులాట లేదు. సినిమా హార్డ్ డిస్కులోనో, ఉపగ్రహం ద్వారానో వస్తుంది. ఒక్కో సినిమా వందల జీబీ. కాని దానికి తాళం వేసి పంపుతారు. తాళంచెవి విడిగా మెయిల్‌లో వస్తుంది. ఆ చెవి ఈ హాలు సర్వర్‌కే, ఈ తేదీ ఈ గంట నుంచి ఆ తేదీ ఆ గంటదాకానే పనిచేస్తుంది. చెవి రాకపోయినా, తప్పు సర్వర్ పేరుతో వచ్చినా, హాలు వాళ్ళ చేతుల్లో సినిమా ఉండీ లేనట్టే. శుక్రవారం మొదటి ఆట ఆలస్యమైతే చాలాసార్లు కారణం ఇదే. రెండో కారణం కరెంటు. జనరేటర్ వెంటనే అందుకున్నా సర్వర్ మళ్ళీ లేవాలి, ప్రొజెక్టర్ మొదలై బల్బు మళ్ళీ అంటుకోవాలి, దానికి టైమ్ పడుతుంది. కుర్చీ చేతులు విరగ్గొడితే బల్బు తొందరగా అంటుకోదు.

ఇంటర్వెల్ మంచి ఫైటు నడిమిట్ల ఎందుకు ఇస్తరు?

ఎందుకంటే ఆ సినిమాకు ఇంటర్వెల్ లేదు. హాలీవుడ్‌వాళ్ళు ఒక్క దమ్ములో చూడ్డానికి తీస్తారు. రెండున్నర గంటలు సమోసా లేకుండా మన హాళ్ళు నడవవు, కాబట్టి ఎక్కడో ఒకచోట వీళ్ళే కోస్తారు. తెలుగు సినిమా దర్శకుడు ఇంటర్వెల్ దగ్గర పిడిబాకులాంటి ఒక మలుపు పెట్టి ఆపుతాడు, ఆ రుచి వీటిలో రాదు.

మా ఆపరేటర్ సాబ్ రీలు మారేచోట కాకుండా, ముందురోజు రాత్రి ఒక్కడే సినిమా చూసి చోటు వెతికేవాడు. ‘మనిషి ఊపిరి వదిలే కాడ కొయ్యాలె, పీల్చే కాడ కాదు’ అనేవాడు. ఫిల్మ్ అంచున పసుపురంగు పెన్సిల్‌తో ఒక గీత గీసేవాడు. ఇప్పుడు కంప్యూటర్‌లో నిడివిని సగానికి విరిచి టైమ్ కొట్టేస్తే అయిపోయింది. అందుకే వంతెన కూలుతుండగా లైట్లు వెలుగుతాయి. అవతార్ 2 నిడివి 192 నిమిషాలు. అంత పొడుగు సినిమాకు ఇంటర్వెల్ ఇవ్వడం పుణ్యమే గాని, ఎక్కడ ఇచ్చారన్నది ఆ కుర్రాడి రుచిని బట్టి.

అంత బడ్జెట్ అంటరు, ఆ పైసలన్నీ ఏడికి పోతయి?

తెర మీద కనపడని పనికి. టెర్మినేటర్ 2కు అప్పట్లోనే దాదాపు పది కోట్ల డాలర్లు ఖర్చయింది. అందరూ చెప్పుకునే కరిగిన లోహం మనిషి కంప్యూటర్ బొమ్మలు మొత్తం సినిమాలో కొద్ది నిమిషాలే. మిగతాదంతా తొడుగులు, బొమ్మలు, నిజంగా పేల్చిన బండ్లు. దానికి నాలుగు ఆస్కార్లు వచ్చాయి, నాలుగూ పనివాళ్ళకే: విజువల్ ఎఫెక్ట్స్, మేకప్, సౌండ్, సౌండ్ ఎఫెక్ట్స్ ఎడిటింగ్. హీరోకు, కథకు ఒక్కటీ రాలేదు. నా దృష్టిలో అది సరైన తీర్పే.

మా అమ్మను తీసుకపోదామనుకుంటున్న. ఆమెకు గివన్ని సమజైతయా?

మీకంటే ముందే అవుతాయి.

ఈ అనుమానం నాకూ ఉండేది. ఒకసారి మా అమ్మను తీసుకుపోయాను. రూపాలు మార్చే రోబో ఒకటి పోలీసుగా, తల్లిగా మారుతుంటే, అర్థమైందో లేదో అని చెవిలో చెప్పబోయాను. ‘ఊకో, మాయా శశిరేఖ’ అంది. మాయాబజార్‌లో ఘటోత్కచుడు శశిరేఖ వేషం కట్టి లక్ష్మణకుమారుడి కాలు తొక్కింది 1957లో. దూరాన ఉన్న ప్రియమైనవాళ్ళను చూపించే ప్రియదర్శిని పెట్టె కూడా అందులోదే. ఆ పెట్టెను చూసి పెరిగిన మనిషికి వీడియో కాల్ వింత కాదు, గ్రహాంతరవాసీ వింత కాదు. టైమ్ మెషిన్ ఎక్కి రాయలవారి కొలువుకు పోయి వచ్చే ఆదిత్య 369 విడుదలైంది 1991 జూలై 18న, టెర్మినేటర్ 2 అమెరికాలో వచ్చిన నెలలోనే. అమ్మ ఆ సినిమా వరంగల్‌లోనే చూసింది.

ఆమెకు కష్టమయ్యేది కథ కాదు, సౌండ్. చెవుల్లోకి దూది తీసుకుపోండి. మెట్లు తక్కువున్న వరస చూసుకోండి. బాత్రూమ్ వైపు చివరి సీటు ఇప్పించండి, ఏడో వరస మధ్య సీటు సూత్రం ఆమెకు వర్తించదు.

పిల్లల్ని తీసుకపోవచ్చునా?

సర్టిఫికెట్ చూడండి. ‘ఎ’ అయితే పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళను లోపలికి పంపరు, గేటు దగ్గర బతిమాలినా లాభం లేదు. యూఏను 2024 నుంచి మూడుగా విడగొట్టారు: యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. ఇది పెద్దవాళ్ళకు సూచన, నిర్ణయం మీదే. ఈ రకం సినిమాలు ఎక్కువగా 13+ దగ్గర ఉంటాయి. మూడేళ్ళ లోపు పిల్లలను మాత్రం తీసుకుపోకండి. మొదటి పేలుడుకే ఏడుపు ఎత్తుకుంటే మీరు మిగతా సినిమా లాబీలో పోస్టర్ల మీద చూస్తారు.

ఇంట్లకెళ్లి సకినాలు, నీళ్ళ సీసా తీసుకపోతే ఆపుతరా?

సకినాలు ఆపుతారు. బయటి తిండి వద్దనే హక్కు హాలువాళ్ళకుందని 2023 జనవరి 3న సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో తాగే నీళ్ళు ఉచితంగా పెట్టాలని, పసిపిల్లల తిండిని ఆపొద్దని కూడా ఉంది. లోపల నీళ్ళ ఫిల్టర్ ఎక్కడుందో అడగండి, సాధారణంగా బాత్రూమ్ పక్క మూలలో ఉంటుంది, ఎవరూ చూపించరు. నా పద్ధతి వేరు. హన్మకొండ చౌరస్తాలో మిర్చి బజ్జీ, చాయ్ కానిచ్చి లోపలికి పోతాను. మూడు గంటలు అవి చాలు.

మాది పరకాల. సెకండ్ షో చూస్తే బస్సు దొరుకుతదా?

దొరకదు. పరకాల అయినా, నర్సంపేట అయినా, ములుగు అయినా సెకండ్ షో వదిలేసరికి పల్లెవెలుగు బస్సులు ఉండవు. ఆటోవాళ్ళు అడిగినంత ఇవ్వాలి. మ్యాటినీ చూసుకోండి, లేకపోతే ఇక్కడ చుట్టాలింట్లో పడుకునే ఏర్పాటు చేసుకుని రండి. జనగామ, మహబూబాబాద్ వైపు వాళ్ళకు కాజీపేట నుంచో వరంగల్ నుంచో రాత్రి రైళ్ళున్నాయి, టైమ్ ముందే చూసుకోండి. మేడారం జాతర వారంలో మాత్రం పగలైనా బస్సును నమ్ముకోకండి. రెండేళ్ళకోసారి మాఘమాసంలో ఆర్టీసీ బస్సులన్నీ అమ్మల దగ్గరికే పోతాయి.

ఒక చిన్న ఫైటు ఫోన్ల తీసి స్టేటస్ పెట్టుకుంటే ఏమైతది?

మూడు నెలల నుంచి మూడేళ్ళదాకా జైలు, కనీసం మూడు లక్షల జరిమానా. 2023 సవరణతో సినిమాటోగ్రాఫ్ చట్టంలో పెట్టారు. హాల్లో ఎవరూ పట్టుకోరని మీరంటారు, నిజమే కావచ్చు. పట్టుకోకపోయినా వెనక వరసవాళ్ళ కళ్ళలో మీ ఫోన్ వెలుగు పడుతుంది, అందులో నేనుంటే ఊరుకోను.

అయిపోయినంక ఇంకో సీన్ ఉంటదట గదా? లైట్లు ఏసేస్తున్నరు.

సీక్వెల్ అంటేనే ఇంకో సీక్వెల్‌కు విత్తనం, అది చాలాసార్లు పేర్లు పడిన తర్వాత ఉంటుంది. అన్నిటికీ ఉండదు, ఉందో లేదో పోయేముందు ఇంటర్నెట్‌లో చూసుకోండి, కథ చదవకుండా. ఉంటే లేవకండి. పేర్లు ఎనిమిది పది నిమిషాలు నడుస్తాయి, మనవాళ్ళ పేర్లు కూడా కనపడతాయి, ఎఫెక్ట్స్ పని హైదరాబాద్‌లోనూ చేస్తారు మరి. ఈలోపు లైట్లు వేస్తారు, తలుపులు తెరుస్తారు, చీపుర్లు పట్టుకుని ఇద్దరు లోపలికి వస్తారు. కాళ్ళు పైకెత్తి వాళ్ళను ఊడ్చుకోనివ్వండి. ఒకవేళ బొమ్మే ఆపేస్తే క్యాబిన్ వైపు తిరిగి ‘సాబ్, ఇంకో సీనుంది’ అని గట్టిగా కేకేయండి. నలుగురు కూర్చుని ఉంటే మళ్ళీ వేస్తారు, ఒక్కరే ఉంటే వేయరు.

గేటు దగ్గర డబ్బా పెట్టుకుని కళ్ళద్దాలు తీసుకునేవాడు మాత్రం మీకోసం నిలబడే ఉంటాడు, ఆయనకు లెక్క తేలాలి. జేబులో పెట్టుకుని మర్చిపోకండి, బయట ఎండలో అవి చలువ కళ్ళద్దాలుగా కూడా పనికిరావు.